గీత గీసినంత మాత్రాన రోడ్డు అయిపోదు

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు, గ్రామ సర్వేయర్లకు కలిపి పెట్టిన మ్యాపింగ్ శిక్షణ తరగతిలో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? ఫ్యాన్ చప్పుడు అడ్డొస్తే ముందుకి వచ్చి కూర్చోండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నిన్న మీరంతా, ఎవరైనా గీసి దిద్దగలిగే ఉచిత మ్యాపు అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రోడ్లు, ఇళ్లు, చెరువులు గీశారు. చూశాను, చాలామంది శ్రద్ధగా గీశారు. ఇవాళ గీయడం జోలికి పోవద్దు. గీసింది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలో మాట్లాడుకుందాం. మనం గీసిందే కాదు, మనకంటే ముందు ఎవరో గీసి వెళ్లిపోయింది కూడా.

ఈ తెర మీద ఉన్నది నాగావళి. ఎండాకాలంలో తీసిన శాటిలైట్ ఫొటో. ఇసుక తెల్లగా మెరుస్తోంది, నీళ్లు ఒక పక్కకి పాయలా పోతున్నాయి. ఇదిగో, ఈ గట్టు నుంచి ఏటిలోకి దిగి, ఇసుక మీదుగా అవతలి గట్టు దాకా రెండు సన్నటి గీతలు కనబడుతున్నాయి కదా. ఏమిటివి? అవును, ట్రాక్టర్ల బాట. ఇసుక తోలుకెళ్లే బాట. మీకు చెప్పక్కర్లేదు, మీరు రోజూ చూసేదే. కానీ ఎక్కడో వేరే దేశంలో కూర్చుని ఈ ఫొటో చూసేవాడికి అది ఏమనిపిస్తుంది? రోడ్డనిపిస్తుంది. వాడు మంచి మనసుతోనే రోడ్డని గీసేస్తాడు.

తర్వాత ఏమవుతుంది? తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఆస్మోస్ అని ఒకటుంది, ఫ్రాన్స్‌లోని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్లు నడుపుతున్నారు. జోస్మ్ అనే ఎడిటర్ కూడా అప్‌లోడ్ చేసే ముందు తనిఖీ చేసి హెచ్చరికలు చూపిస్తుంది. రోడ్డు నదిని దాటుతోంది, అక్కడ వంతెన లేదు, చూసుకోండి అంటుంది. ఆ హెచ్చరిక ఇంకొకరి కంటపడుతుంది. ఆయన కూడా మంచివాడే. నది దాటుతోంది కాబట్టి వంతెన ఉండే ఉంటుందనుకుని వంతెన ట్యాగు, అంటే ఇది వంతెన అని చెప్పే గుర్తు, పెట్టేస్తాడు. హెచ్చరిక మాయమైపోతుంది. తప్పు దిద్దినట్టేనా?

దిద్దినట్టు కాదు. అంతకుముందు అనుమానంగా ఉన్న గీత ఇప్పుడు ఖాయమైన వంతెన అయి కూర్చుంది. ఇక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పట్టదు. దారి చూపించే యాప్ ఆషాఢంలో ఏరు నిండుగా పారుతున్నప్పుడు కూడా ఇటే పొమ్మంటుంది. ఆ దారిన వెళ్లేది ఎవరో తెలియదు. కొత్తగా డ్యూటీలో చేరిన అంబులెన్స్ డ్రైవరు కావచ్చు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదేనండి. హెచ్చరిక పోగొట్టడం వేరు, తప్పు దిద్దడం వేరు. సాఫ్ట్‌వేరు అనుమానపడగలదు, అంతే. తేల్చవలసింది ఆ చోటు తెలిసినవాళ్లు. తెలియకుండా దిద్దితే ఉన్న తప్పు పోదు, కనబడకుండా దాక్కుంటుంది. కనబడే తప్పుకంటే దాక్కున్న తప్పు చాలా ప్రమాదం.

మరి ఆ చోట ఏం పెట్టాలి? ఒక్కో దాటుడు దగ్గర ఒక్కో నిజం ఉంటుంది. పెద్ద వంతెనే ఉండొచ్చు. కాజ్‌వే ఉండొచ్చు, అంటే వరదొస్తే పైనుంచి నీళ్లు పోతాయి. రోడ్డు కింద కల్వర్టు ఉండొచ్చు. ఏమీ కట్టకుండా నీళ్లలో దిగి దాటే చోటే కావొచ్చు. లేదంటే అసలు దారే కాకపోవచ్చు, మన ట్రాక్టర్ల బాటలాగా. వీటన్నిటికీ ట్యాగులు వేరు వేరు. పైనుంచి తీసిన ఫొటోలో కాజ్‌వే, చిన్న వంతెన ఒకేలా కనబడతాయి. గట్టు మీద నిలబడి చూస్తేనే తేడా తెలుస్తుంది. వానాకాలం మునుగుతుందా లేదా అన్నది ఆ గట్టు మీద టీ కొట్టు ఉంటే అక్కడ అడిగితే తెలుస్తుంది. వెళ్లలేకపోయారా? దిద్దకండి. ఆ చోట ఒక నోట్ పెట్టి వదిలేయండి, వెళ్లగలిగినవాళ్లు చూస్తారు.

ఇంకోటి జాతీయ రహదారి దగ్గర. పదహారో నంబరు హైవే మన జిల్లా మధ్యలోంచే పోతోంది కదా. మ్యాపులో దాన్ని రెండు గీతలుగా గీస్తారు, పోయేది ఒకటి, వచ్చేది ఒకటి. ఊరి రోడ్డు వచ్చి ఒక్కోసారి ఆ గీతని తాకకుండానే ఆగిపోతుంది. గీత ఒక మీటరు అవతలే ఉంటే, సాఫ్ట్‌వేరు వెంటనే ఈ రోడ్డు దాదాపు కలిసింది, కలపడం మరిచారేమో అంటుంది. చాలాచోట్ల అది నిజమే. చేయి జారి చివర కలవకుండా వదిలేసి ఉంటారు. తెర మీద కలిసినట్టే కనబడుతుంది గానీ, దారి వెతికే యాప్‌కి అది తెగిన రోడ్డే, చుట్టూ తిప్పి తీసుకెళ్తుంది. కానీ మధ్యలో డివైడర్ ఉండి, అక్కడ దానికి సందు లేదనుకోండి. రెండో గీత దాకా కలిపేస్తే ఏమవుతుంది? డివైడర్ మీంచి అటు వెళ్లమని చెప్పినట్టు. యూటర్న్ కిలోమీటరు అవతల ఉంటుంది. కాబట్టి మళ్లీ అదే ప్రశ్న: సందు ఉందని నీకెలా తెలుసు? ఈ ప్రశ్న ప్రతి దిద్దుబాటు ముందూ ఎవరికి వాళ్లు వేసుకోవాలి. చూశాను, నడిచాను, బోర్డు చదివాను, ఊళ్లో వాళ్లు చెప్పారు. వీటిలో ఏ జవాబూ లేకపోతే చెయ్యి మౌస్ మీంచి తీసేయండి.

సరే, ఇప్పుడు సర్వేయర్లు ఉన్నారు కాబట్టి స్థానం సంగతి. ఒక ఇల్లు ఉండవలసిన చోటు నుంచి జరిగిపోయింది అంటే రెండు రకాలుగా జరగొచ్చు. ఒక్కో ఇల్లు ఒక్కో వైపు కాస్త జరిగితే అది గీసినవారి చేతి పొరపాటు. ఊరు మొత్తం, ఇళ్లు, రోడ్లు, చెరువు గట్టు అన్నీ ఒకే వైపుకి ఒకే దూరం జరిగితే? అది గీసినవారి తప్పు కాదు, కింద పెట్టుకున్న ఫొటోదే. శాటిలైట్ ఫొటోని నేల మీదకి సరిగ్గా అమర్చకపోతే అన్నీ కలిసికట్టుగా జరుగుతాయి. కొండల దగ్గర మరీ ఎక్కువ. అప్పుడు ఒక్కో ఇంటినీ పట్టుకుని లాగకూడదు. ముందు ఫొటోని సరిచేసుకోవాలి. దానికి జీపీఎస్ తీసుకుని రోడ్డు మీద నడిచిన జాడ కావాలి.

మీ దగ్గర ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లు, అంటే పొలాల కొలతల పటాలు, సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు ఉంటాయి. వాటితో ఇంకో చిక్కుంది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ అనే సర్వే అధికారి దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత సర్వే ఆఫ్ ఇండియా మ్యాపులు చాలా కాలం ఎవరెస్ట్ 1830 అనే లెక్క మీద నడిచాయి. భూమి ఆకారాన్ని ఆ రోజుల్లో అలా అంచనా కట్టారు. ఇప్పుడు మన ఫోన్లలో జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క మీద పనిచేస్తుంది. పాత షీటు మీది అక్షాంశ రేఖాంశాలని మార్చకుండా నేరుగా తెచ్చి పెడితే, మన ప్రాంతంలో ఆ చోటు వంద మీటర్లకి పైగానే పక్కకి జరిగిపోతుంది. కొలిచినవాళ్లు ఎంత జాగ్రత్తగా కొలిచినా సరే. అందుకే ఒక అంకె చేతికొచ్చినప్పుడు అది ఏ లెక్కలోదో ముందు అడగండి.

ఉద్దానం నుంచి వచ్చినవాళ్లు ఎవరున్నారు? కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... చేతులెత్తండి. మీ పని అందరికంటే కష్టం. కొబ్బరి తోటలు, జీడి తోటలు. పైనుంచి చూస్తే అంతా పచ్చగా కప్పేసి ఉంటుంది, కింద దారులు కనబడవు. పోనీ నడుద్దామంటే చెట్ల కింద ఫోన్ జీపీఎస్ కూడా తడబడుతుంది. ఆరుబయట అయిదారు మీటర్ల తేడాతో చెప్పే ఫోను, తోటలోకి వెళ్లేసరికి అటూ ఇటూ గెంతుతుంది. అక్కడ ఒక్కసారి నడిచిన జాడని నమ్మకండి. పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి తీసుకోండి. ఇంకో రోజు ఇంకొకరిని నడవమనండి. అన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తే మధ్యలో దట్టంగా ఒక దారి తేలుతుంది. దాన్ని గీయండి. తిత్లీ తుఫాను వచ్చినప్పుడు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, ఆ తోటల్లో చెట్లు దారుల మీద ఎలా పడి ఉన్నాయో మీకు నేను చెప్పాలా? అలాంటి రోజున బయట నుంచి వచ్చినవారికి ఏ పల్లెకి ఎన్ని దారులున్నాయో మ్యాపులో ఉండాలి. తుఫాను వచ్చాక గీయడానికి కరెంటు ఉండదు, నెట్‌వర్క్ ఉండదు.

ఇప్పటిదాకా ఉన్న తప్పుల గురించి చెప్పాను. అంతకంటే పెద్దది ఇంకోటుంది, శ్రద్ధగా వినండి. ఆస్మోస్‌లో ఒక మండలం తెరిచి చూశారు, తప్పులు దాదాపు సున్నా. పక్క మండలంలో వందల కొద్దీ. ఏ మండలం మ్యాపు బాగున్నట్టు? మొదటిది అన్నారు కొందరు. అక్కడ ఒక్క మెయిన్ రోడ్డు, నాలుగు ఊళ్ల పేర్లు తప్ప ఏమీ గీసి ఉండకపోవచ్చు. ఏమీ లేనిచోట తప్పెలా దొరుకుతుంది? ఓటర్ల జాబితాలో ఉన్న పేర్లన్నీ అక్షరం పొల్లుపోకుండా సరిగ్గానే ఉంటాయి, మీ వీధి వీధంతా మాత్రం అందులో ఉండదు. అలాంటిదన్నమాట. సాఫ్ట్‌వేరు ఉన్నదాన్నే తనిఖీ చేయగలదు. లేనిదాన్ని దానికెవరు చెబుతారు?

2010లో లండన్‌లో, యూనివర్సిటీ కాలేజీలో మూకీ హక్లాయ్ అనే ఆచార్యుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని అక్కడి ప్రభుత్వ మ్యాపుతో పోల్చి చూశారు. ఉన్న రోడ్లు సగటున ఆరు మీటర్ల తేడాలోనే ఉన్నాయి, ఊరూ పేరూ తెలియని వాలంటీర్లు గీసినా. అది బాగుంది. కానీ ఆయన ఇంకోటి కూడా గమనించారు. డబ్బున్నవాళ్లు ఉండే ప్రాంతాలు నిండుగా ఉన్నాయి, పేదవాళ్లు ఉండేచోట ఖాళీలు ఎక్కువ. లండన్‌లోనే అలా ఉంటే మన దగ్గర ఎలా ఉంటుంది? విజయనగరం టౌనులో గంటస్తంభం, మూడు లాంతర్లు, కోట, పెద్ద చెరువు అన్నీ ఉంటాయి. శృంగవరపుకోట కొండల మీది గిరిశిఖర గ్రామాలు? అక్కడి నుంచి గర్భిణులను డోలీలో మోసుకొస్తున్న వార్తలు మీరు పేపర్లో చదువుతూనే ఉన్నారు. ఆ గ్రామం మ్యాపులో లేకపోతే అది తప్పుల లెక్కలోకి రాదు. కాలిబాట మాత్రమే ఉన్నచోట ఎవరో రోడ్డని గీస్తే, అది ఇంకా ఘోరం. జీపు వస్తుందని కింద కూర్చున్నవాళ్లు లెక్కేసుకుంటారు.

ఖాళీలు పట్టడానికి బయటి జాబితా కావాలి. పంచాయతీలో ఏయే పల్లెలు, ఏయే గూడలు ఉన్నాయో రాసుకోండి. సచివాలయంలో అడిగితే చెబుతారు, ఆశా కార్యకర్తని అడిగితే ఇంకా బాగా చెబుతారు, ఆవిడ ఇంటింటికీ తిరుగుతుంది. ఆ జాబితాని మ్యాపుతో ఒక్కొక్కటిగా సరిచూడండి. గ్రామ సర్వేయర్లు ఈ పని మొదలుపెడితే, నా ఉద్దేశంలో, మిగతా వేటికంటే దీనివల్ల ఎక్కువ మేలు జరుగుతుంది.

పేర్ల సంగతి త్వరగా చెబుతాను. ఇంగ్లిషు అక్షరాల నుంచి మిషన్‌తో తెలుగులోకి మార్చిన పేర్లు మ్యాపులో పెట్టకండి. మందస మండస అవుతుంది, టెక్కలి తెక్కలి అవుతుంది, పొందూరు పోండూరు అవుతుంది. ఆ ఊరివాళ్లు చూస్తే నొచ్చుకుంటారు. స్కూలు బోర్డు, పంచాయతీ బోర్డు చదివి రాయండి. జి.సిగడాం, ఎల్.ఎన్.పేట, ఎస్.కోట లాంటివి జనం పొట్టిగానే వెతుకుతారు, కాబట్టి పూర్తి పేరుతో పాటు పొట్టి పేరు కూడా దాని ట్యాగులో ఇవ్వండి. ఒకే పేరు రెండుచోట్ల ఉందని ఒకటి తీసేయకండి. కొత్తవలసలు ఎన్ని లేవు? రెండూ నిజం ఊళ్లే అయి ఉంటాయి. అలాగే శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో ఉంది కదా, పేరు తప్పు పడిందేమోనని దిద్దేవాళ్లుంటారు. తప్పేమీ లేదు, స్టేషను బోర్డు మీద అదే ఉంది.

కాలంతో పాటు తప్పయ్యేవి కూడా ఉంటాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరయ్యాయి. రాజాం మన జిల్లా నుంచి విజయనగరంలోకి వెళ్లింది. పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. అంతకుముందు గీసినవాళ్లు తప్పు చేశారా? లేదు, ఆ రోజుకి అదే నిజం. ఇవాళ ఆ స్కూళ్లకి, బ్యాంకులకి పక్కన శ్రీకాకుళం జిల్లా అని ఉండిపోతే అది తప్పు. రేగిడి ఆమదాలవలస ఇప్పుడు విజయనగరం జిల్లా, ఆమదాలవలస శ్రీకాకుళం జిల్లా. కొరియర్ వాళ్లు ఎలా తికమక పడతారో ఆలోచించండి. జిల్లా సరిహద్దు గీత ఒకచోట జరిపితే సరిపోదు, విడివిడిగా రాసిన చిరునామాలన్నీ వెతకాలి. అందుకే ఏదైనా చూసి సరిచేసినప్పుడు, ఎప్పుడు చూశారో ఆ తేదీ ట్యాగులో రాయండి. అయిదేళ్ల తర్వాత వచ్చినవారికి మళ్లీ చూడాలో వద్దో తెలుస్తుంది.

చెరువులూ అంతే. మే నెల ఫొటోలో చెరువు పొలంలాగా, ఖాళీ స్థలంలాగా కనబడుతుంది. పొలమని గీసేస్తారు. అది చెరువు అని మ్యాపులోనే లేకపోతే, రేపు అక్కడ లేఅవుట్ వేసేటప్పుడు అడిగేవాడికి చూపించడానికి మన దగ్గర ఏముంటుంది? ఏడాదిలో కొన్నాళ్లే నీళ్లుంటాయని చెప్పే ట్యాగు ఉంది, అది వాడండి.

ఏమిటి బాబూ, ఏఐ గురించా? అడుగు, మంచి ప్రశ్నే. గూగుల్, మైక్రోసాఫ్ట్ వాళ్లు శాటిలైట్ ఫొటోల నుంచి కంప్యూటర్‌తో గుర్తించిన ఇళ్ల రూపురేఖలను ఉచితంగా విడుదల చేశారు. గూగుల్ అయితే ఒక్కో ఇంటికీ, ఇది ఇల్లేనని ఎంత నమ్మకంతో చెబుతున్నామో ఒక అంకె కూడా ఇస్తుంది. పనికొస్తాయి, కాదనను. కానీ గడ్డివాము, కళ్లంలో పరిచిన టార్పాలిన్, కోళ్ల ఫారం, పైనుంచి అన్నీ నలుచదరపు మచ్చలే. పలాస దగ్గర జీడి పిక్కలు ఆరబెట్టిన కళ్లం పైనుంచి ఎలా కనబడుతుందో ఊహించండి. ఆ ఇళ్లని లెక్కబెట్టి ఇన్ని కుటుంబాలు, ఇన్ని ఆహార పొట్లాలు అని ఎవరైనా లెక్కవేస్తే ఆ లెక్క ఎటు పోతుంది? ఒకేసారి వేల ఇళ్లు తెచ్చి దించేయకండి. ఒక పల్లె తీసుకుని, ఒక్కోటీ చూసి, ఉన్నది ఉంచి, లేనిది తీసేసి, అప్పుడు అప్‌లోడ్ చేయండి. 2010లో హైతీ భూకంపం తర్వాత మొదలైన మానవతా మ్యాపింగ్ బృందం, హాట్ అంటారు, వాళ్ల పద్ధతి కూడా ఇదే. మ్యాపుని గడులుగా పంచుకుంటారు, ఒకరు గీసిన గడిని ఇంకొకరు చూసి సరే అంటేనే ఆ గడి పూర్తయినట్టు.

ఇంకో మాట, ఇది ఖచ్చితంగా గుర్తుంచుకోండి. గూగుల్ మ్యాప్స్ తెరిచి పక్కన పెట్టుకుని, అందులో ఉంది కాబట్టి సరైనదే అని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో దిద్దకూడదు. అది వాళ్ల సొత్తు, అలా ఎక్కించడానికి మనకి అనుమతి లేదు. పైగా అక్కడ తప్పుంటే ఇక్కడికీ వస్తుంది. తర్వాత వచ్చినవాడు రెండు మ్యాపులూ ఒకటే చెబుతున్నాయి కాబట్టి నిజమే అనుకుంటాడు. మీ కళ్లు ఉన్నాయి, మీ కాళ్లు ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు ఇచ్చిన తర్వాత మన దేశంలో మనం మ్యాపులు తయారుచేసుకోవడానికి ముందస్తు అనుమతుల ఇబ్బంది కూడా చాలావరకు తగ్గింది. చూసుకోవలసిన సున్నితమైన చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిని వదిలేయండి.

ఎవరి తప్పయినా దిద్దినప్పుడు, అప్‌లోడ్ దగ్గర వ్యాఖ్య రాయమని అడుగుతుంది కదా, ఖాళీగా వదలకండి. "సరిచేశాను" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "ఈ రోడ్డు మీద నడిచాను, కాజ్‌వే ఉంది, వంతెన లేదు" అని రాయండి. అదే తప్పు పదే పదే చేస్తున్నవారు కనబడితే, వాళ్ల మార్పు కిందే మర్యాదగా ఒక మాట రాయండి. నాగావళిలో ట్రాక్టర్ల బాట గీసినాయన ఉన్నాడే, ఆయనకి ఎవరూ చెప్పకపోతే రేపు వంశధారలో గీస్తాడు. చెబితే మనకి ఒక మంచి మ్యాపరు దొరుకుతాడు.

సరే, భోజనాల టైం అవుతోంది. మధ్యాహ్నం జట్లుగా బయటికి వెళ్తున్నారు. ఒక్కో జట్టుకి మీ వార్డు మ్యాపు ప్రింటు ఇస్తాం, దాని మీద సాఫ్ట్‌వేరు అనుమానపడిన చోట్లు ఎర్ర ఇంకుతో చుట్టి ఉంటాయి. చుట్టని చోట్లు కూడా చూడండి, ఏం లేదో వెతకండి. ఫోన్లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేసుకున్నవాళ్లు అది అడిగిన ప్రశ్నలకి నిలబడిన చోటే జవాబివ్వండి, గదికి వచ్చి గుర్తు చేసుకుని కాదు. తేలనివాటికి నోట్ పెట్టి వచ్చేయండి. నాలుగున్నరకి ఇక్కడే కూర్చుని ఆ తేలనివన్నీ ఈ తెర మీద ఒక్కొక్కటిగా చూద్దాం. సర్వేయర్లు ఒక్కో జట్టులో ఒకరు ఉండేలా సర్దుకోండి, దయచేసి.